నిరోష చెప్పిన ఉదాహరణ

నిజామాబాద్ బస్టాండ్ ఎదురు సందులో, ఒక మొబైల్ షాపు పైన అనిల్‌కుమార్ స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పుతాడు. రోజుకొక ఇడియం బోర్డు మీద రాసి, కింద తెలుగు అర్థం రాస్తాడు. తర్వాత ఎవరో ఒకరు దానితో సొంత వాక్యం చెప్పాలి. అది బాగుంటే క్లాసంతా కంఠస్థం చేసి, లేచి నిలబడి అప్పజెప్పాలి.

ఆ రోజు బోర్డు మీద ‘మేక్ ఎండ్స్ మీట్’. వచ్చినదానితో ఎలాగో ఇల్లు గడుపుకోవడం.

బోధన్ నుంచి వచ్చే నిరోష లేచింది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా నాన్న చెరకు నరికే కూలికి పోయి ఇల్లు గడిపాడని ఇంగ్లిష్‌లో చెప్పింది. అది నిజం. వాళ్ల నాన్న కాశయ్య ఫ్యాక్టరీ కాంటా దగ్గర చెరకు బండ్లు తూచేవాడు.

“సూపర్! ఇంటర్వ్యూల గిదే చెప్పున్రి. వాళ్ల కండ్లల్ల నీళ్లు తిరగాలె” అన్నాడు అనిల్‌కుమార్.

అందరూ అప్పజెప్పారు. ఆఫియా కూడా. వాళ్ల నాన్నకు గాంధీచౌక్‌లో గాజుల దుకాణం ఉంది.

“మీ బాపును మాకందరికి పంచినవ్ పోయే” అంది ఆఫియా. నిరోష నవ్వింది.

డిసెంబర్‌లో హైదరాబాద్ కాల్ సెంటర్ వాళ్లు నిజామాబాద్‌లోనే ఒక హోటల్లో ఇంటర్వ్యూలు పెట్టారు. అప్పటికి కాశయ్య నడుము పడిపోయింది. ఈ ఉద్యోగం రాకపోతే నిరోష క్లాసు మానేసి, తల్లి చంద్రవ్వ పక్కన కూర్చుని బీడీలు చుట్టాలి. బోధన్ బస్సు ఆలస్యమైంది. ఆమెను చివర పిలిచారు.

కుటుంబం గురించి చెప్పమన్నాడు ఇంటర్వ్యూ చేసేవాడు. నిరోష మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ మాట రాగానే అతను పెన్ను కింద పెట్టి తెలుగులోకి వచ్చాడు.

“మీ క్లాసులో నాన్నలందరూ ఆ ఫ్యాక్టరీలోనే పనిచేశారా అమ్మా?”

పక్కన కూర్చున్న మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“మా బాపు నిజంగనే చేసిండు సార్. కాంటా కాడ...”

“ఇందాకటి అమ్మాయీ నిజమనే చెప్పింది. సరే, అది వదిలెయ్. నాన్న గురించి ఇంకేదైనా చెప్పు. ఇంగ్లిష్‌లో, సొంతంగా.”

కాశయ్య గురించి ఇంగ్లిష్‌లో నిరోషకు వచ్చింది ఆ ఒక్క వాక్యమే. ఆమె మళ్లీ అదే చెప్పింది.

“థాంక్యూ” అన్నాడతను.

బయట ఆఫియా ఎదురుచూస్తోంది. “నాకొచ్చిందే! నన్నే ముందుగాల పిలిచిండ్రు. మీ బాపు సంగతి చెప్పంగనే మేడమ్ అయ్యో పాపమన్నది. నీకు గూడ వస్తది సూడు.”

నిరోష బోధన్ బస్సెక్కింది.

ఇంట్లో కాశయ్య మంచం మీద నుంచే అడిగాడు. “ఏమడిగిండ్రు బిడ్డా?”

“నీ గురించే అడిగిండ్రు.”

“నా గురించా? మరి చెప్పినవా?”

నిరోష వెళ్లి, బీడీలు చుడుతున్న తల్లి పక్కన కూర్చుంది. తునికాకు చాట ముందుకు లాక్కుంది.

“చెప్పినం బాపు. అందరం చెప్పినం.”