వెనక మెట్లు

మంటలార్పే సిలిండర్లలో ఆరోదాని దగ్గరికి వచ్చేసరికి మడతల మాస్టారికి ఆయాసం వచ్చింది. అయినా దాన్ని కొక్కెం నుంచి దించి, రెండు చేతులతో తలకిందులు చేసి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. లోపల పొడి సరసరా జారింది. గడ్డకట్టలేదు. ముల్లు పచ్చగీత మీదే ఉంది. మెడలో దారానికి వేలాడుతున్న పెన్సిలుతో చీటీ మీద పొట్టి సంతకం గీకి, సిలిండరును మళ్ళీ కొక్కేనికి తగిలించాడు. ఇంకా రెండున్నాయి. తర్వాత ఇసుక బకెట్లలోంచి సిగరెట్ పీకలు ఏరాలి. పని గంట మోగడానికి పావుగంట ఉంది.

మాస్టారు అంటారు గానీ ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాదు. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఈ బైండింగు షాపులో అచ్చయి వచ్చిన కాగితాలు మడతపెడుతున్నాడు. పెద్ద కాగితాన్ని సగానికి, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి మడిచి, ప్రతి మడతనూ ఎముక బద్దతో గీస్తాడు. అంతే పని. కాగితం ఆయన బొటనవేళ్ళ మీది గీతలన్నీ తినేసింది. హాజరుకి కొత్తగా పెట్టిన వేలిముద్రల యంత్రం అందరినీ గుర్తుపడుతుంది గానీ, అందరికంటే పాతకాపైన ఈయన్ని మాత్రం గుర్తుపట్టదు. అందుకని ఆయన ఒక్కడికీ ఇంకా పుస్తకంలోనే సంతకం.

మూడేళ్ళ కిందట ఎక్కడో ఏదో షాపు తగలబడితే, ఇక్కడ కూడా ఫైరు సేఫ్టీకి ఒక మనిషి ఉండాలని పైనుంచి కాగితం వచ్చింది. మేనేజరు షాపంతా ఒకసారి కలియజూశాడు. కాదనడం చేతకాని మనిషి ఒక్కడే కనిపించాడు.

"మీరైతే బాగుంటుంది మాస్టారూ. అందరూ మీ మాట వింటారు."

"చేస్తాను బాబూ. మరి జీతం..."

"అది తర్వాత చూద్దాం. ముందు బాధ్యత ముఖ్యం కదా!"

ఆ 'తర్వాత' మూడేళ్ళయినా రాలేదు. వచ్చిందల్లా నారింజరంగు కోటు ఒకటి, ఒక విజిలు, వారం వారం సంతకం చేయాల్సిన కాగితమూను. ఆ కోటు వేసుకుని మొదటిరోజు ఇంటికి వెళితే ఆయన ఇంటావిడ గుమ్మంలోనే పడీపడీ నవ్వింది. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత!" అంది. ఆవిడా ఈ షాపులోనే పని చేస్తుంది, పై అంతస్తులో. అక్కడ ఇరవై ఏడుగురు ఆడవాళ్ళు బారుగా కూర్చుని, కింద మడిచిన కాగితాలను సూదీదారంతో పుస్తకాలుగా కుడతారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పి. పొద్దున ఒకసారి పైకెక్కితే మళ్ళీ సాయంత్రమే దిగడం.

కాగితంలో పద్నాలుగు గడులున్నాయి. పదమూడింటికి మాస్టారు కళ్ళారా చూసి సంతకం చేస్తాడు. పద్నాలుగోది: 'వెనక మెట్లు ఖాళీగా ఉన్నవి.' అక్కడ మాత్రం మూడేళ్ళుగా కళ్ళు పక్కకి తిప్పుకుని గీకేస్తున్నాడు. ఎందుకంటే వెనక మెట్లు ఏనాడూ ఖాళీగా లేవు. ముప్పయ్యారు మెట్లు, మెట్టుకొక చెక్కపలక, పలక మీద అట్టలు అంటించిన పుస్తకాలు, వాటి మీద ఇనప బరువు. ఆ మెట్ల దగ్గర రెండు కిటికీలు ఎదురెదురుగా ఉండడంతో గాలి ఆడుతుంది. ఎంత ముసురులోనైనా జిగురు మూడు గంటల్లో ఆరిపోతుంది. ఈ కిటుకు ఎవరు కనిపెట్టారయ్యా అంటే, చెప్పుకుంటే సిగ్గుచేటు, మాస్టారే! ఇరవై ఏళ్ళ కిందట, ఒక వానాకాలం, జిగురు ఆరక పని ఆగిపోతే, "మెట్ల మీద పెట్టి చూడండి" అన్నది ఆయనే. ఆరోజు అందరూ ఆయన్ని భుజాల మీద మోసినంత పని చేశారు. మొదట్లో మనిషి పట్టే సందు వదిలేవారు. బడి పుస్తకాల సీజనులో ఆ సందూ పోయింది. తర్వాత సీజనుతో పనిలేకుండానే పోయింది.

ఇన్నాళ్ళూ లేని కంగారు ఇవాళ ఎందుకంటే, నిన్న సాయంత్రం ఇంటికి నడుస్తూ ఇంటావిడ చెప్పిన మాట.

"నువ్వు గోడౌనులో ఉన్నావు కదా, అప్పుడు మా నెత్తి మీది ఫ్యాను తీగ కాలి పొగ కమ్మేసిందయ్యా. ముందు మెట్ల వైపు కళ్ళు కనబడలేదు. అందరం వెనక తలుపు దగ్గరికి పరిగెత్తాం. తీస్తే ఏముంది, పై మెట్టు నుంచీ పుస్తకాలే."

"మరి?"

"మరేముంది? తడి అట్టలాయె, తొక్కితే జరిగిపోవూ? తలుపేసి, వచ్చి మా చోట్లో కూర్చున్నాం. ఈలోగా ఎవరో స్విచ్చి ఆపారు, పొగ పోయింది." ఆవిడ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది, ఒక్క పుస్తకమూ పాడవనందుకు.

మాస్టారు నడిరోడ్డు మీద ఆగిపోయాడు. పొగలో ఇరవై ఏడుగురు, పుస్తకాలు పాడవుతాయని, వెళ్ళి కూర్చున్నారట! పని చేసేవాడు పని మీద కాలు పెట్టకూడదని కొత్తగా వచ్చినవాళ్ళందరికీ నేర్పిందీ ఆయనే. ఎవరినని తిడతాడు? రాత్రంతా పక్క మీద దొర్లాడే గానీ కన్ను మూతపడలేదు. పొద్దున బయల్దేరేటప్పుడు ఇంటావిడ గుర్తుచేసింది. "బరువులెత్తొద్దన్నాడు డాక్టరు. గుర్తుందా?" గుర్తుంది. రెండు నెలల కిందట గుండెకి ఈసీజీ తీసి చూసి డాక్టరు అన్న మాట అది. ఆ సంగతి షాపులో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంటికి పొమ్మంటారని భయం.

గంట మోగాక జిగురాయన దగ్గరికి వెళ్ళాడు. అట్టలు అంటించేది ఈయనే. వేళ్ళ సందుల్లో జిగురు, నోట్లో వెటకారం, రెండూ ఎప్పటికీ ఆరవు.

"ఇవాళ్టి నుంచి మెట్ల మీద పెట్టొద్దురా."

"ఎక్కడ పెట్టమంటావు, నా నెత్తి మీదా?"

"ముందు గదిలో పెడదాం. పెద్ద కిటికీలున్నాయి."

"ఓహో! దారి చూపించింది నువ్వు, ఇప్పుడు మూసేదీ నువ్వేనా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి అన్నట్టుంది నీ వరస. పైసా రాని కోటుకి ఇంత పొగరేంటి మాస్టారూ? సీజను అన్నా, సీజను! ఆరకపోతే నీ మడతలూ ఆగుతాయి, మా కూలీలూ ఆగుతాయి."

"ఒక చెయ్యి వెయ్యరా."

"నా చేతులు జిగురులో ఉన్నాయి."

మాస్టారు ఒక్కడే మెట్లెక్కాడు. పై మెట్టు నుంచి మొదలుపెట్టాడు. ఇనప బరువు పక్కన దించి, పలకను రెండు చేతులా ఛాతీకి ఆనించుకుని, అడుగు తడుముకుంటూ దిగి, నడవ దాటి ముందు గదిలో నేల మీద పెట్టడం. మళ్ళీ వచ్చి బరువు తీసుకెళ్ళడం. పలకకి రెండు తిరుగుళ్ళు. ఏడో పలకకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. పదో పలకకి ఎడమ దవడ లాగడం మొదలైంది. మధ్యలో తన బల్ల దగ్గరికి వెళ్ళి మడతలు పెట్టడం, కట్టలు పైకి పంపడం, తీరిక దొరగ్గానే మళ్ళీ మెట్లు. మధ్యాహ్నం తిండి కూడా నాలుగు ముద్దలతో సరిపెట్టాడు. ఎవరూ సాయం రాలేదు, ఎవరూ అడ్డమూ పెట్టలేదు. కష్టం చూసి జాలిపడేవాళ్ళే గానీ ఒక కొస పట్టేవాడు లేడు.

మూడు గంటలకి మేనేజరు చూశాడు. ముందు గది బయటివాళ్ళు వస్తే కూర్చోబెట్టేది. ఇప్పుడక్కడ కాలు పెట్టే చోటు లేదు.

"ఇదేంటి మాస్టారూ! ఎవరైనా వస్తే ఎక్కడ కూర్చోబెట్టను?"

"నిలబడతారు లెండి బాబూ."

మేనేజరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. ముప్పయ్యొక్క ఏళ్ళలో ఈ మనిషి నోట ఇలాంటి మాట ఇదే మొదలు.

"నాలుగు గంటలకి కాగితం పంపాలి. ఎప్పటిలాగే సంతకం పెట్టేసి ఇవ్వండి. ఇవన్నీ మళ్ళీ మెట్ల మీదికి పంపించండి."

"చూసి పెడతాను. ఇంకా తొమ్మిదున్నాయి."

"మీకేమైనా పిచ్చా?"

"నిన్న పైన పొగ వచ్చింది బాబూ. అందులో మా ఆవిడ ఉంది." ఆ ముక్క అంటూనే చేతిలోని ఇనప బరువును పలక మీద పెట్టాడు. "ఉద్యోగం తీసేస్తే తీసేయండి. మెట్ల మీద మాత్రం వద్దు."

మేనేజరు ఏదో గొణుక్కుంటూ గదిలోకి పోయాడు. జిగురాయన అంతా విన్నాడు. తలెత్తలేదు. కాసేపటికి కొత్తగా అంటించిన పుస్తకాలు మెట్ల వైపు తీసుకెళ్ళబోయి, ఆగి, తన బల్ల కిందే సర్దుకున్నాడు.

చివరి పలక దించేసరికి నాలుగున్నర. మాస్టారు చీపురు తెచ్చి పై నుంచి కిందిదాకా ఊడ్చాడు. ఇరవై ఏళ్ళ జిగురు మరకలు మెట్ల మీద గళ్ళుగళ్ళుగా బయటపడ్డాయి. కాగితం తీసి పద్నాలుగో గడిలో తన పూర్తి పేరు, పొడి అక్షరాలతో సహా, నిదానంగా రాశాడు. దాన్ని మేనేజరు బల్ల మీద పెట్టి, అటుగా వెళ్తున్న కుట్టుపిల్లతో, "సాయంత్రం అందరూ వెనక నుంచి దిగండమ్మా. పిన్నికి కూడా చెప్పు" అన్నాడు. తర్వాత వెళ్ళి కింది మెట్టు మీద కూలబడ్డాడు. రెండు కిటికీల మధ్య గాలి ఎంత బాగుందో! ఇన్నేళ్ళూ ఈ గాలంతా పుస్తకాలకే పోయింది. దవడ నొప్పి భుజంలోకి దిగింది. కాస్త ఆగితే అదే తగ్గుతుందిలే అనుకుని తల గోడకి ఆనించాడు.

ఇంటికెళ్ళే గంట మోగింది. పైన తలుపు తీశారు. "నువ్వే ముందు దిగు పిన్నీ, మీ ఆయన వేయించిన రోడ్డు!" అని ఎవరో పిల్ల ఆటపట్టించింది. ఇంటావిడ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది. వెనక ఇరవై ఆరుగురు, ఎవరూ తొందరపెట్టలేదు. మలుపు తిరిగాక ఆయన వీపు కనిపించింది.

"బాగుందయ్యా నీ దారి, దొరలు నడిచేలా ఉంది." ఇంకో నాలుగు మెట్లు దిగింది. "ఇంతమందిమి దిగుతుంటే నడిదారిలో కూర్చున్నావేంటి? లే. లేచి దారియ్యి."

ఆయన లేవలేదు. ఆవిడ చెయ్యి ఆయన భుజం మీద పడింది. తర్వాత మెడ మీద, తర్వాత చెంప మీద. ఆవిడ ఆ నొప్పి మోకాళ్ళు మడిచి, ఆయన వెనక మెట్టు మీద కూర్చుని, ఆయన తలను గోడ నుంచి తన ఒళ్ళోకి తీసుకుంది. వెనక ఇరవై ఆరుగురూ మెట్టుకొకరు చొప్పున నిలబడిపోయారు.

జిగురాయన నడవలోంచి వచ్చాడు. చేతులు శుభ్రంగా కడుక్కుని ఉన్నాడు.

"ఇందాకే అక్కా, ఇందాకే టీ తెచ్చాను. కళ్ళు మూసుకుని ఉంటే, అలిసిపోయాడు, కాసేపు పడుకోనీలే అని లేపలేదు. లేపాల్సింది." అదే మాట పదిసార్లు అన్నాడు. "లేపాల్సింది అక్కా."

నలుగురు పట్టి ఆయన్ని తీసుకెళ్ళారు. ఆవిడ వెంట వెళ్ళింది. మిగతావాళ్ళు ఆ మెట్ల మీదనుంచే, చప్పుడు చేయకుండా, ఒకరి వెనక ఒకరు దిగి వెళ్ళిపోయారు. కింది మెట్టు మీద, ఎవరి కాలికీ అడ్డం రాకుండా గోడవారగా జరిపిపెట్టిన గాజుగ్లాసులో, టీ మీద మీగడ కట్టింది.