అడ్డంకి నంబరు ఏడు

సైకిలు టైరులో ముల్లు దొరికింది కదా అని చేతులు దులుపుకునేవాడు పంక్చర్లు వేయడానికి పనికిరాడు. ట్యూబు బయటికి లాగి, టైరు లోపల వేలు పెట్టి చుట్టూ తడమాలి. రెండో ముల్లు ఎక్కడో దాక్కుని ఉంటుంది. దాన్ని వదిలేసి పంపితే బండివాడు మలుపు తిరక్కముందే తిరిగొచ్చి తిడతాడు. కూడలిలో పదహారేళ్ళు ఆ పని చేసి, వేలికొసలు మొద్దుబారి, సొంత పేరు కూడా పోగొట్టుకున్న మనిషి అతను. ఊరంతా పంక్చరనే పిలుస్తుంది. అమ్మ బతికుంటే ఆవిడా అలాగే పిలిచేదని అక్క ఎగతాళి చేస్తుంది.

టూరు కంపెనీ మేనేజరు అతన్ని ఎంచుకున్నది ఆ వేలి గుణం చూసే. నగరం నుంచి వచ్చే షోకు సైకిళ్ళవాళ్ళకి అడవిలోంచి, ఉమ్మడి బీడు మీదుగా, ఏటి లోయలోకి దిగే నలభై కిలోమీటర్ల దారి కావాలి. దారి కనిపెట్టాలి. మలుపు మలుపుకీ రాయి మీదో మాను మీదో పసుపు బాణం గీయాలి. ఒక పుస్తకం నింపి ఇవ్వాలి. దారి నచ్చితే పంక్చరే దానికి గైడు. రోడ్డు పక్కన చతికిలబడి ట్యూబులు రుద్దే బతుకు పోయి, అందరికంటే ముందు సైకిలు మీద పోయే బతుకు వస్తుంది.

అతను ఆ దారిని మూడుసార్లు తొక్కాడు. ఒకసారి ఖాళీ సైకిలుతో, ఒకసారి వెనక సంచుల్లో ఇసుక నింపుకుని, ఒకసారి వానలో. అడవిలో రెండుచోట్ల దారి తప్పి గీసిన బాణాలు చెరిపి మళ్ళీ గీశాడు. బీడు దగ్గరికొచ్చాక మాత్రం వెతకాల్సిన పనే లేదు. ఆ కాలిబాటని అతను నడక రాకముందే, అక్క చంకనెక్కి చూశాడు.

బీడు అంటే ఎవడి పేరునా లేని నేల. అందుకే అందరిదీ. అందుకే కార్యాలయాల్లో కూర్చునేవాళ్ళకి దాన్ని చూస్తే చేతులు దురద పెడతాయి. దానిమీద పదకొండు ఇళ్ళ మేకలు బతుకుతున్నాయి. అక్కవి ముప్పై ఎనిమిది. పొద్దున్నే మంద దిగువ గేటు దాటి ఏట్లో నీళ్ళు తాగి, ఒడ్డున మేసి, ఎండెక్కేలోగా పైకొస్తుంది. మేకలకి నీళ్ళు మరెక్కడా లేవు. బావ పోయాక అక్కకి మిగిలింది ఆ మంద, ఆ గేటు, ఈ తమ్ముడు.

మేనేజరిచ్చిన పుస్తకంలో 'అడ్డంకులు' అని ఒక పేజీ ఉంది. సైకిలువాళ్ళు ఎక్కడ జాగ్రత్తపడాలో చెప్పే పేజీ అనుకున్నాడు పంక్చరు. టైరు తడిమినట్టే దారిని తడిమి రాశాడు. అడవి మొదట్లో పైకి లేచిన వేరు. రెండో మలుపులో గుంట, మూడో మలుపులో ఇంకోటి. ఏటి దిబ్బ మీద ముళ్ళ తుప్ప. కలప అడితి దగ్గర సైకిళ్ళ వెంటపడే ముసలి కుక్క. అది దాటాక తలకి తగిలే చెట్టు కొమ్మ. అక్షరాలమీద అంత నమ్మకం లేదు కాబట్టి ప్రతిదాని పక్కనా చిన్న బొమ్మ కూడా వేశాడు. ఏడో నంబరుకి మేక బొమ్మ వేసి, కింద 'ఎనిమిది నుంచి పది వరకు దిగువ గేటు దగ్గర మంద' అని రాశాడు.

ఆ పేజీ తీసుకెళ్ళి అక్కకి చూపించాడు. అక్కకి చదువు రాదు, మేక బొమ్మ తెలుసు.

"కొమ్ములు వంకరగా వేశావేంట్రా? పెత్తనంవి నిటారుగా ఉంటాయి," అంది. ముందు నడిచే నల్లమేకకి ఆవిడ పెట్టుకున్న పేరు అది.

"అక్కడ సైకిళ్ళు మెల్లగా పోవాలని రాశానక్కా. నీ మందకి ఏమీ కాకుండా."

అక్క ఆ సాయంత్రమే పదకొండు ఇళ్ళూ తిరిగింది. మన మేకలు పుస్తకంలోకి ఎక్కాయని, రేపు ఎవడైనా బీడు మాదే అంటే ఆ కాగితం మొహాన కొట్టొచ్చని చెప్పుకుంది. ఇన్నేళ్ళుగా వాళ్ళకి లేనిదల్లా కాగితమే కదా.

పుస్తకం కంపెనీ నుంచి ఊరి కార్యాలయానికి పోయింది. పది రోజుల్లో వేరు నరికేశారు. గుంటల్లో కంకర పోసి తొక్కించారు. పంక్చరు రొమ్ము విరుచుకుని తిరిగాడు. తన రాతకి ఇంత విలువ ఉందని అతనికి అంతవరకూ తెలీదు. ముళ్ళ తుప్ప తగలబెట్టారు. ఆ పైవారం కలప అడితి కాపలావాడు కనపడి, కుక్కకి రెండు రోజులుగా పెట్టిన తిండి పెట్టినట్టే ఉందని, చివరికి కాలవలో నురగ కక్కుకుని పడి ఉందని చెప్పాడు. ఎవడు పెట్టాడో ఆ మందు అని తిట్టుకున్నాడు.

పంక్చరు వేళ్ళమీద లెక్కపెట్టాడు. కుక్క నంబరు ఐదు.

మేనేజరు గది గోడకి టైరు బిగించిన గడియారం, మూలన ప్లాస్టిక్ ఆకుల మొక్క, బల్ల అద్దం కింద దారి పటం. పంక్చరు నిలబడే చెప్పాడు. ఏడో నంబరు కొట్టేయమన్నాడు. అది తొలగించమని రాసింది కాదని, మెల్లగా పోవాలని రాసిందని చెప్పాడు. మేనేజరు ఓపిగ్గా విన్నాడు. ఓపిగ్గా వినేవాడిని చూస్తేనే భయపడాలి.

"అడ్డంకి ఉందని సంతకం పెట్టావు. ఇప్పుడు లేదంటున్నావు. నీది తప్పుడు పుస్తకమని నేనే పైకి రాస్తాను, దారి మొత్తం రద్దవుతుంది. రాయమంటావా?"

పంక్చరు అద్దం కింది పటంలో బీడు ఎక్కడుందో చూశాడు.

"కూడలిలో నీ చోటు ఇంకా ఖాళీగానే ఉందా?" అనడిగాడు మేనేజరు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

రాయండి సారూ అని ఒక్క మాట అంటే సరిపోయేది. ముప్పై ఎనిమిది మేకలకీ, పదకొండు ఇళ్ళకీ ఆ ఒక్క మాట సరిపోయేది. పంక్చరు టోపీ పెట్టుకుని బయటికొచ్చాడు. ముల్లు ఉందని తెలిసీ టైరు బిగించేశాడు. ఆ సాయంత్రం అక్క ఇంట్లో పాలు తాగి, మందకి దగ్గు తగ్గిందా అని అడిగి, అసలు మాట నోటిదాకా రానివ్వకుండా లేచిపోయాడు. ఆరో నంబరు దాటి ఏడుకి రాకపోవచ్చులే అనుకున్నాడు. ఆరో నంబరు ఆ చెట్టు కొమ్మ. దాన్ని ఒక్క పూటలో కొట్టేశారు.

దిగువ గేటుని మూసేస్తారనుకున్నాడు. వాళ్ళు మూయలేదు. గేటు రెక్కలు ఊడదీసి, ఆ వెడల్పున గుంట తవ్వి, దానిమీద బెత్తెడేసి ఎడంతో ఇనప కమ్మీలు పరిచారు. రెండు పక్కలా ముళ్ళ తీగ లాగారు. చక్రం దొర్లిపోతుంది, గిట్ట దిగిపోతుంది. ఎవరినీ ఆపలేదు, దారి తెరిచే ఉంది అని కాగితంలో రాసుకోవచ్చు. తొక్కి చూడమని పంక్చరునే పిలిచారు. టకటకమని దాటాడు. బాగుందని చెప్పాడు.

మర్నాడు మంద కమ్మీల దగ్గర ఆగిపోయింది. ముందు నడవడం తప్ప ఇంకోటి తెలియని పెత్తనం ఒక్కటే దూకింది. ముందు కాళ్ళు రెండూ కమ్మీల సందులో దిగాయి. దాని అరుపు విని అక్క కిందపడుతూ లేస్తూ వచ్చింది. కమ్మీలు ఎత్తడానికి వచ్చిన మేస్త్రీ, పై నుంచి కాగితం రానిదే ముట్టుకోనన్నాడు. మధ్యాహ్నం దాకా అక్క దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చివరికి మాంసం కొట్టువాడిని పిలిపించారు. గుంట పైన ఉన్నంత మేర కోసుకుని పోయాడు. కాళ్ళు గుంటలోనే ఉండిపోయాయి.

పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళూ కార్యాలయానికి పోయారు. గుమస్తా వాళ్ళని కసరలేదు. ఫైలు తెరిచి, మీవాడే రాసిచ్చాడమ్మా అని పేజీ వాళ్ళవైపు తిప్పాడు. అక్షరాలు ఎవరికీ రావు. బొమ్మలు మాత్రం అందరికీ తెలిశాయి. వేరు, గుంటలు, తుప్ప, కుక్క, కొమ్మ. ఒక్కోదాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత. ఏడో గీత కింద కొమ్ములు వంకర తిరిగిన మేక. మిగతావాళ్ళు అక్క మొహం చూశారు. అక్క పైట నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. దారిలో ఎవరూ ఆవిడతో మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా మాట్లాడలేదు.

ఇరవై రోజులు బిందెలతో ఏటి నీళ్ళు గట్టెక్కించింది. ముప్పై ఏడు మేకలకి రెండు చేతుల నీళ్ళు ఎంతకని సరిపోతాయి? మాంసం కొట్టువాడు మళ్ళీ వచ్చాడు, ఈసారి బండి తెచ్చుకుని, పదకొండు ఇళ్ళకీ.

మొదటి టూరు బయలుదేరింది. పధ్నాలుగు సైకిళ్ళు, ముందు పంక్చరు. అడవి బాగుందన్నారు. బీడు చూసి మాత్రం ముఖాలు చిన్నబుచ్చుకున్నారు. కంపెనీ కాగితంలో బీడు నిండా మేకలున్న ఫొటో ఉంది. దారి చూసేటప్పుడు పంక్చరే తీసిన ఫొటో. మేకలేవని అడిగారు. సైకిలు దిగి గడ్డి ఫొటో తీసుకుని, మోసమని మేనేజరుకి ఫోను చేశారు.

ఆ వారంలోనే మేనేజరు రెండు తెల్ల మేకలు తెప్పించాడు. వాటిని పట్టుకుని బీడు మీద నిలబడడానికి మనిషి కావాలన్నాడు. ఈ నేలకి తగ్గ మనిషై ఉండాలన్నాడు. పంక్చరుకి అర్థమైంది.

అక్క ఖాళీ దొడ్డిలో పెంటికలు ఊడుస్తోంది. అతను గుమ్మం అవతలే నిలబడి, మొహం చెల్లక, గోడకి చెప్పినట్టు చెప్పాడు. చీపురు ఆగలేదు. దొడ్డి మొత్తం అయ్యాక ఆవిడ నడుం నిలబెట్టి అడిగింది.

"ఆ మేకలు నీళ్ళెక్కడ తాగుతాయిరా?"

"కంపెనీ డ్రమ్ము పెడుతుందక్కా."

"రెండింటికి డ్రమ్ము," అంది అక్క.

ఇంకో మాట ఏమైనా అంటుందని, తిడుతుందని, చీపురు తిరగేస్తుందని ఎదురుచూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆదివారం అక్క వచ్చింది. తాళ్ళు పట్టుకుని పసుపు బాణం గీసిన రాయి పక్కన నిలబడింది. సైకిళ్ళు ఆగాయి. ఫొటోలు తీసుకున్నారు. ఒకావిడ, కొంచెం నవ్వమని చెప్పండి అని పంక్చరుని అడిగింది. అతను చెప్పలేదు. చెప్పకపోయినా అక్క నవ్వింది, వాళ్ళకి కాదు, అతని చేతిలోని పుస్తకాన్ని చూసి.

"రాసుకోరా. మళ్ళీ మర్చిపోతావు."

పుస్తకంలో 'చూడదగినవి' అని కొత్త పేజీ అంటించారు. అడవిలో జలపాతం, ఏటి మలుపు, పాత వంతెన, ఇంకా మూడున్నాయి. పంక్చరు పెన్సిలు తీశాడు. ఏడు అని వేసి, పక్కన తాళ్ళు పట్టుకున్న ఆడమనిషి బొమ్మ గీశాడు. ఏ ముల్లూ వదలని అలవాటు కదా, కింద టైము కూడా రాశాడు. ఎనిమిది నుంచి పది వరకు.