రెండేళ్ల సున్నాలు

పదకొండో ఊరితో మాట్లాడటం అయ్యాక రిజిస్టరులో సున్నా వేసి, ఎర్ర పెన్సిలు మళ్లీ చెవిమీద పెట్టుకున్నాడు గుమాస్తా. ముప్పై నాలుగేళ్లుగా ఇదే పని. ఊరూరికీ ఫోను చేసి, ఇళ్ల కప్పులు ఎత్తుకుపోయే సుడిగాలి నిన్న వచ్చిందా అని అడగడం. వస్తే ఒకటి, రాకపోతే సున్నా. ఆఫీసులో ఆయన పేరు గాలిమావయ్య. గాలి కబుర్లకి జీతమిచ్చే ఉద్యోగం ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి! రిసీవరు ఒత్తుకుని ఒత్తుకుని ఎడమ చెవి కాయ కాసింది. చొక్కా మోచేతుల దగ్గర అరిగి నున్నబడింది.

ఆఫీసరు కాగితం ఊపుకుంటూ వచ్చాడు.

"మావయ్యగారూ, తూర్పు ఊళ్ల లెక్క తేలిపోయింది. ఏడాదికి సగటున మూడు గాలులు దాటితేనే, జనం తలదాచుకునేందుకు నేలమాళిగలు కడతారు. వెంట్రుకవాసిలో తప్పింది. మధ్యలో రెండేళ్లు అసలు గాలే లేదుగా! నిన్ననే పైకి పంపేశాను."

పన్నెండో ఊరికి ఎత్తబోతున్న రిసీవరు కింద పెట్టేశాడు గుమాస్తా. ఆ రెండేళ్లూ ఆయన భార్య మంచం మీదే ఉంది. రోజూ ఆఫీసుకొచ్చి ఫోను వంక చూస్తూ కూర్చునేవాడు. ఎవర్నీ ఏమీ అడగబుద్ధయ్యేది కాదు. ఖాళీగా వదిలేస్తే ఉద్యోగం ఊడుతుందని, ఊడితే ఆమెకి మందులుండవని భయపడి, సున్నాలు చుట్టేశాడు.

"అవి అబద్ధాలు సార్. నేను ఫోనే చెయ్యలేదు."

"సంతకం మీదేగా?"

"నాదే."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం మావయ్యగారూ!" అనేసి వెళ్లిపోయాడు.

పన్నెండో ఊరు మిగిలింది. తూర్పున చిట్టచివరిది. అక్కడి పోస్టాఫీసులో ఫోనెత్తే అక్క రోజూ నేలమాళిగ సంగతే అడుగుతుంది.

"నేలమాళిగ రాదక్కా. తప్పు నాదే" అని జరిగిందంతా చెప్పాడు.

"అదా సంగతి" అంది అక్క. "ఆ రెండో ఏడు మా కప్పు లేచిపోయింది. మా చంటిదాన్ని గోడ కింద నుంచి తీశాం. నువ్వు అడుగుతావని మర్నాడంతా ఫోను పక్కనే కూచున్నా తమ్ముడూ."

తారీఖు అడిగాడు. తడుముకోకుండా చెప్పి, ఫోను పెట్టేసింది.

పాత రిజిస్టరు తీసి ఆ తారీఖు సున్నా కొట్టేశాడు. పక్కన ఒకటి వేశాడు. తర్వాతి సున్నా దగ్గర ఆగిపోయాడు. అక్కడేం వెయ్యాలో ఆయనకి తెలియదు.

నాలుగింటికి పెట్టిన టీ చల్లారిపోయింది. కునుకు పట్టిందేమో అనుకున్నారు. అయిదింటికి గది తాళం వేయడానికొచ్చిన ప్యూను భుజం తట్టి చూస్తే, ఆయనలో ఊపిరి లేదు.

వారం తిరక్కుండా పాత రిజిస్టర్లన్నీ షెడ్డులో పడేశారు. వాటిలో ఒకటి సరిగ్గా మూతపడలేదు. ఆ పేజీలో, కొట్టేసిన ఒక్క సున్నా మీద, ఎర్ర పెన్సిలు అలాగే ఉండిపోయింది.