భర్త పేరు: ఖాళీ

ఐదింటికి జాబితా అచ్చుకు పోతుంది. అందులో గంగవ్వ లేదు.

రాజలింగం ఆ సంగతి గమనించేసరికి మూడున్నర. బొంబాయి నాగ్‌పాడాలోని ఆ ఆఫీసుకు కంప్యూటర్ వచ్చి ఏడాదే అయింది. కామాఠీపురాలో కూల్చి కట్టబోయే చాల్‌లలో, ఆ పాత ఒంటిగది వాటాల్లో, ఉన్నవాళ్ల ఫైలు చదివి, కొత్త గదుల జాబితా తీసే ప్రోగ్రాం రాసింది అతనే. ఫైలులో ప్రతి వివరానికీ ముందు ఒక గుర్తు ఉంటుంది: ఇది పేరు, ఇది భర్త పేరు, ఇది గది నంబరు. ప్రోగ్రాం ఆ గుర్తు చూసి వివరాన్ని దాని గడిలో వేస్తుంది. గుర్తు ఉండి దాని వెనక ఏమీ లేకపోతే, మనిషినే జాబితాలోంచి తీసేస్తుంది. ఆ నియమమూ అతను పెట్టిందే.

గంగవ్వ విషయంలో ‘భర్త పేరు’ వెనక ఖాళీ. సర్వే గుమాస్తా అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంటుంది.

"పేరు తెచ్చి నింపు. ఐదు దాటితే నా చేతుల్లో లేదు," అన్నాడు పెద్ద సాహెబు.

తల్లి కూలికి పోయిన రోజుల్లో రాజలింగానికి అన్నం కలిపి పెట్టింది గంగవ్వే. ఒక్క పరుగున చాల్ చేరాడు. ఆమె వరండాలో బీడీలు చుడుతోంది.

"అవ్వా, మేస్త్రీ తాత అసలు పేరేంది?"

"సిగ్గులేదారా? ఆయన పేరు నేనెట్ల తీస్త?"

"తియ్యకుంటె గది పోతది! కాగితమేమన్న ఉందా?"

"అన్నీ పోయిన వానకు నాని ముద్దయినయి."

వాడంతా ఆయన్ని మేస్త్రీ అనే పిలిచేది. అసలు పేరు తెలిసినవాళ్లెవరూ ఇప్పుడు చాల్‌లో లేరు.

"పోయి పదకొండేండ్లాయె. ఇంక గీ పట్టేందవ్వా?"

"పోతె? నా మొగడు కాకుంట పోయిండా?"

రాజలింగం గడియారం చూసుకున్నాడు. నాలుగుంబావు. గంగవ్వకు జాలేసింది. లేచి వచ్చి, కటకటాల్లోంచి ఆకాశం కేసి వేలు చూపించింది.

"వాన ముంగట పైన నల్లగ ఏం వడ్తది? దానెనక అయ్య వెట్టు."

"బాదల్... బాదలయ్యనా?"

గంగవ్వ పగలబడి నవ్వింది. "ఓరి నీ బొంబాయి సదువు మన్నువడ! మన మాటల చెప్పు."

"మబ్బయ్య?"

"గసొంటి పేరు ఎవలన్న వెడ్తరారా?"

రాజలింగం కళ్లు మూసుకున్నాడు. చిన్నప్పుడు మేడ మీదికి పరిగెత్తిస్తూ అమ్మ వేసిన కేక చెవిలో పడింది. ‘మొగులైంది, బట్టలు తియ్‌రా!’

"మొగులు... మొగులయ్య!"

గంగవ్వ తలవంచుకుని కొంగు నిండా కప్పుకుంది, ఆయనే గుమ్మంలోకి వచ్చినట్టు.

ఐదింటికి ఇంకా పది నిమిషాలున్నాయనగా రాజలింగం కంప్యూటర్‌లో ఆ పేరు కొట్టాడు. ప్రోగ్రాం గుర్తు చదివింది. దాని వెనక పేరు దొరికింది. ఏ పేచీ పెట్టకుండా తర్వాతి గుర్తుకు వెళ్లిపోయింది.

సాయంత్రం జాబితా కాగితం పట్టుకుని నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు.

"ఏమని రాసిన్రురా?"

"గంగవ్వ, భర్త మొగులయ్య, గది నంబరు..."

"గది సంగతి మల్ల జూద్దాం," అంది గంగవ్వ, అతని పక్కన చతికిలబడుతూ. "ముంగటిది ఇంకోపారి సదువు."