పొలిమేర నడక

ఆంబ్రోస్ పైక్ తల పగలడం నేను కళ్లారా చూశాను.

లండన్‌లో రాజు తల నరికి ఏడాదైంది. మా ఊళ్లో హార్లాండ్ దొర మాత్రం దొరలాగే ఉన్నాడు. న్యాయాధికారి కూడా ఆయనే. తరతరాలుగా మా పశువులు మేసిన ఉమ్మడి బీడుకు ముళ్లకంచె వేసి నాదన్నాడు. మేం అరవై మందిమి లోపలికి దూరి చిక్కుడు నాటుతుంటే దుడ్డుకర్రల గుంపును పంపాడు. ముందు నడిచేవాణ్ని చూసి ఆంబ్రోస్ నవ్వాడు. రాజు మీద యుద్ధంలో ఇద్దరిదీ ఒకే దళం.

"ఏందిర హంఫ్రీ, నన్ను గొడ్తవా?" అని పార కింద పెట్టాడు.

హంఫ్రీ మూడు దెబ్బలు వేశాడు. నాటిన సాళ్లలో నెత్తురు నిలిచింది.

ఆదివారం చర్చిలో పాదిరి గొంతెత్తాడు. "మనిషి పుట్టుకతోనే తోడేలు! ఎవడేం చేస్తాడో దేవుడు ముందే నిర్ణయించాడు. కత్తి పట్టిన ప్రభుత్వం లేకపోతే ఒకరి పీక ఒకరు కొరుక్కుంటారు."

ఆంబ్రోస్ భార్య టామ్సిన్ లేచింది. "అయ్యగారూ, నా పెనిమిటి చావు గూడ ముందే రాసుండెనా?"

"అంతా ఆయన చిత్తం, తల్లీ."

"మనుషులంత తోడేళ్లయితే దొర ఏ తల్లికి పుట్టిండు? ఆయన కోరలకు కావలెవరు?"

చర్చంతా గొల్లున నవ్వింది.

"ప్రభుత్వం లేకపోతే నీ పొరుగువాడే దోచుకుంటాడు!" పాదిరి అరిచాడు.

"నాలుగు నెలలసంది మా అందరి గింజలు ఒక్క కొట్టంల ఉన్నయి. తాళం లేదు. ఒక్క గింజ పోలే. నా మొగని పాణం దీసింది మీ ప్రభుత్వం."

మే నెలలో ఊరంతా కర్రలు పట్టుకుని పొలిమేర తిరగడం మా తాతలనాటి ఆచారం. ఏది అడ్డొచ్చినా పక్కకు తప్పుకోకూడదు, తొలగించుకునే పోవాలి. పాదిరి దాన్ని మానిపించి ఏడేళ్లయింది. ఈ ఏడు టామ్సిన్ ముందు నడిచింది. కర్రల బదులు గొడ్డళ్లు తెమ్మని ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

కంచె దగ్గర దొర మనుషులతో హంఫ్రీ అడ్డంగా నిలబడ్డాడు. వాళ్ల వెనక గుర్రం మీద దొర. "ఎనకకు పోండ్రి! నేను కూలోణ్ని. నా చేతుల ఏం లేదు!"

"చేతుల కర్రుంది గదరా," అంది టామ్సిన్.

వాడు కర్ర వంక చూసుకున్నాడు. అంతలో గుర్రం మీంచి దొర తుపాకి పేల్చాడు. నా పక్కనున్న ముసలి బార్నబీ గొంతు చీలిపోయింది. ఇక మేమెవరం ఆగలేదు. దొర మనిషి చెయ్యొకటి నా గొడ్డలికి తెగిపడింది. అబద్ధమెందుకు, నాకప్పుడు జాలి కలగలేదు. హంఫ్రీ వెనక్కి తిరిగి దొర గుర్రం కాళ్లు విరగ్గొట్టాడు. దొర తలకిందులుగా నేల మీద పడ్డాడు. సైనికులొచ్చి అందరినీ కట్టేసేసరికి కంచె మాత్రం మిగల్లేదు.

విచారణకు దొరే తలకు కట్టుతో కూర్చున్నాడు. "రెచ్చగొట్టిందెవరు? పేరు చెబితే వదిలేస్తా," అని మొదట హంఫ్రీనే అడిగాడు. వాడొక్క మాటంటే టామ్సిన్ మెడకు ఉరి పడుతుంది.

"ఎవలు జెప్పలే," అన్నాడు హంఫ్రీ. "ఆంబ్రోస్‌ను నువ్వు పంపితే సంపిన. నీ గుర్రాన్ని నా అంతట నేనే గొట్టిన. కర్ర నా చేతులనే ఉండె."

వాణ్ని ఉరి తీశారు. మమ్మల్ని కొరడాలతో కొట్టి వదిలారు. అందరినీ చంపితే దొర పొలం దున్నేదెవరు?

టామ్సిన్ వాణ్ని క్షమించలేదు. అయినా ఆ శవాన్ని తనే మోసుకొచ్చి బీడులో పాతించింది. దొర మళ్లీ కంచె వేయించాడు. పొలిమేర నడకకు వచ్చే మే దాకా ఆగాలా అని ఊరంతా కూర్చుని వాదించుకున్నాం.

రేపు పొద్దున్నే నడుస్తున్నాం.