మంత్రదండం పట్టుకున్న కామా

కామా అసలు పేరు పత్రికాఫీసులో ఎవరికీ తెలియదు. మాంత్రికుల సీరియల్ రాసే గురువుగారు గుక్క తిప్పుకోకుండా కథ చెప్పుకుపోతుంటే, పక్కన కూర్చుని రాసుకుంటూ, ఆయన ఊపిరి పీల్చిన చోటల్లా కామా పెట్టడం అతని పని. ఆ సీరియల్లో మాంత్రికుడి కోసం ప్రాణాలిచ్చే శిష్యుడొకడున్నాడు. ఆ పాత్రకి మూలం తానేనని కామా గట్టి నమ్మకం. తన బట్టతల ఒక్కటే తేడా.

ఆరోజు సంపాదకుడు అతన్ని గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"కామాగారూ, పెద్దాయనకి చూపు ఆనడం లేదు, కథా కదలడం లేదు. ఈ వారం మీరే రాయండి. మాంత్రికుణ్ణి చంపేసి, మంత్రదండం శిష్యుడి చేతికిచ్చేయండి. వచ్చేవారం నుంచి సీరియల్ మీద మీ పేరే."

"ఎంత మాటన్నారండీ! ఆయన నాకు దైవం," అన్నాడు కామా. అన్నాడే గాని కుర్చీలోంచి లేవలేదు. "ఏ సైజు అక్షరాల్లో వేస్తారు?"

గురువుగారింటికి వెళ్లే దారిపొడవునా తన గురుభక్తికి తనే మురిసిపోయాడు. మధ్యలో చెప్పుల షాపు అద్దం ముందు ఆగి, చేతిలో గొడుగు దండంలా పైకెత్తి చూసుకున్నాడు. బాగానే ఉంది. షాపువాడు "రండి సార్, ఏ నంబరు?" అనేసరికి సిగ్గుతో పరుగు లంకించుకున్నాడు.

గురువుగారు వాలుకుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు.

"రాసుకోరా. శత్రురాజు దండం కాజేసి, శిష్యుడికి చూపించి, 'నీ గురువుని చంపు, ఇది నీదే' అన్నాడు. వాడేమన్నాడు? ఈసారి నువ్వు చెప్పు."

"'నా తల తెగినా గురుదేవుల పాదాలు విడవను!' అన్నాడండీ."

"నీ మొహం. ఇన్నేళ్లు ఆ దండం మోశాడే, ఒక్కసారైనా ఊపి చూడాలనిపించలేదూ? వాడు మనిషా, చిలక్కొయ్యా?"

"ఊపి చూశాడండీ," అనేశాడు కామా. "చెప్పుల షాపు దగ్గర."

నాలిక కరుచుకున్నాడు. ఇక దాచేదేముంది? సంపాదకుడి మాటంతా, అక్షరాల సైజుతో సహా, కక్కేశాడు.

గురువుగారు వాలుకుర్చీలో ముందుకి జరిగారు. "సరే, దండం తీసుకున్నాడు. ఎలా చంపుతాడు? మంత్రం వచ్చా?"

నిజమే. ఇన్నేళ్లూ కాళ్లు పట్టుకోవడంలో మునిగిపోయిన శిష్యుడు మంత్రం అడగడమే మర్చిపోయాడు. తన సంగతీ అంతేగా!

"రాదండీ. నోటికొచ్చిందేదో చదివాడు... తనే మేకైపోయాడు."

గురువుగారు కడుపు పట్టుకుని నవ్వారు. "రాయి, రాయి! శత్రురాజు కోటలో మేక! ఇక మాంత్రికుడు చావడానికి వీల్లేదు. మేకని మళ్లీ మనిషిని చెయ్యొద్దూ?"

కామా గబగబా రాసేశాడు. తొలిసారి ఎవరి ఊపిరి కోసమూ ఆగలేదు. అంతలో అతని ఫోన్ మోగింది.

"చంపేశారా?" సంపాదకుడు.

"లేదండీ. నేను మేకనయ్యాను."

"మీరా?"

"అదే, శిష్యుడు. మాంత్రికుణ్ణి చంపడం నా వల్ల కాదండీ. పేరు... వద్దులెండి." చివరి మాట నిజంగానే మేక గొంతుతో వచ్చింది.

గురువుగారు తడుముకుని ఫోన్ లాక్కున్నారు. "ఏమయ్యా, ఆ మేక వీడి సొంతం. నా పేరు పక్కన వీడి పేరూ వెయ్యి. నాదెంత సైజో అంతే. రాసుకో..."

ఆగి, ఫోన్ మీద చెయ్యి అడ్డుపెట్టారు.

"ఒరేయ్, ఇంతకీ నీ పేరేమిట్రా?"