అంటు కింది పిలకలు

మా అత్తగారు వినిఫ్రెడ్ పోయేముందు నన్ను కోరింది ఒక్కటే. "నా గుర్తుగా పసుపు గులాబీ నాటండి. ఏటా మార్చిలో మోకాలి ఎత్తుకి కత్తిరించు, ఫిలిప్పా. నువ్వే కత్తిరించు. గ్లెనిస్‌కి వదిలావా, తుప్పయిపోతుంది."

గ్లెనిస్ ఆవిడ కూతురు, నా ఆడపడుచు. ష్రూస్‌బరీలోని మా పెరట్లో మొక్క నాటిన రోజు పార పట్టింది నేను, ఫొటోలు దిగింది తను. మార్చిలో కత్తెర తీశానని తెలియగానే ఫోన్లో గగ్గోలు పెట్టింది. "అమ్మని నరుకుతావా?" మా ఆయన డెస్మండ్ అలవాటుగా, "పోనీలే, దాని తృప్తి దానిది," అన్నాడు.

అలా పోనిచ్చి కత్తిరించడం మానేసిన ఫలితం రెండేళ్లకే కనబడింది. కొమ్మల నిండా పేనుబంక పురుగు పట్టింది. వేలు తగిలితే ఆకుపచ్చ జిగురు అంటుకునేది. ఆకులు నల్లమచ్చలతో రాలి మొక్క మొదలు దగ్గరే కుళ్లేవి. వానకు విచ్చుకోలేని పసుపు మొగ్గలు గోధుమరంగు ముద్దలై వేలాడేవి. వాటి కింద గ్లెనిస్ పెట్టిన బొమ్మ ఎలుగుబంటి ఉండేది. తడిసి, బూజు పట్టి, చంకలోంచి దూది వెళ్లగక్కుతూ. తీసేస్తే మళ్లీ అడుగుతుంది. ఆ తోటలో టీ తాగడం మానేశాను.

ఈ జూన్‌లో సంవత్సరీకానికి గ్లెనిస్ వచ్చేసరికి పొద నా తల దాటి ఎదిగి, చిన్న చిన్న తెల్లపూలతో నిండిపోయింది.

"అయ్యో, చూడు డెస్! అమ్మ తెల్లగా మారిపోయింది! దేవదూతలా!" అంటూ ఒక కొమ్మని ముఖానికి హత్తుకుంది. ముక్కు మీద పేనుబంక అంటింది. తుడుచుకోకుండానే సీసా తెరిచి, అత్తగారికి ఇష్టమైన షెర్రీ వైన్ పొద మొదట్లో పోసింది. కుళ్లిన ఆకుల వాసన, షెర్రీ వాసన కలిసి పైకి లేచాయి.

"గ్లెనిస్, అది మీ అమ్మ గులాబీ కాదు," అన్నాను. "అంటు కట్టిన చోటుకి కింద, అడవి గులాబీ వేరునుంచి లేచిన పిలకలు. పసుపు గులాబీని అవి తినేస్తున్నాయి."

"నీకు మొదటినుంచీ అమ్మంటే పడదు."

"నాలుగేళ్లు ఆవిడ మంచం పక్కన ఉన్నది ఎవరు?"

"అందుకే కదా, ఇంకా విసుగు పోలేదు నీకు!"

డెస్మండ్ చేతిలోని కేకు ముక్క వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు చూశాక ఇక ఆగబుద్ధి కాలేదు. మోకాళ్ల మీద కూర్చుని, షెర్రీతో తడిసిన మట్టిని చేతులతో తవ్వాను. పిలకల్ని పైన కత్తిరిస్తే రెట్టింపవుతాయి. మొదలు పట్టుకుని వేరునుంచి చీల్చాలి. మొదటిది చప్పుడు చేస్తూ ఊడి వచ్చింది.

"చంపేస్తోంది! డెస్, అమ్మని చంపేస్తోంది!"

"కాస్త ఆగు, ఫిలిప్పా..." అన్నాడాయన.

ఆగలేదు. ముళ్లు మణికట్టు దాకా గీరాయి. ఒక్కొక్కటే చీల్చి పక్కన పడేశాను. తెల్లపూలన్నీ గ్లెనిస్ బూట్ల మీద పడ్డాయి. చివరికి అంటు కట్టిన చోటు బయటపడింది. చాలావరకు నల్లగా చచ్చిపోయింది. ఒక పక్కన మాత్రం వేలెడు కొమ్మ, దానికి లేత ఎర్రని ఆకులు మూడు.

"ఇదీ మీ అమ్మ," అన్నాను.

గ్లెనిస్ అటు చూడనే లేదు. నేల మీది తెల్లపూలు ఏరుకుని, పురుగులతో సహా చేతిసంచిలో కుక్కుకుని, కారెక్కి తలుపు దబాలున వేసుకుంది.

"ఇక రాదేమో," అన్నాడు డెస్మండ్, కేకు కొరుకుతూ.

"ఆ ఎలుగుబంటిని చెత్తబుట్టలో వెయ్యండి," అన్నాను. "ఆకులు కూడా. ఎరువు కుప్పలో కాదు, తెగులు అంటుకుంటుంది. మార్చిలో కత్తెర నాది."

గోళ్లలో ఇరుక్కున్న ఆకుపచ్చ జిగురు రెండుసార్లు సబ్బు పెట్టినా పోలేదు.